తుమ్మెద దాచుకునే మాటలు

టీవీలో నేను ఇప్పటికి చాలాసార్లు చచ్చిపోయాను. ఒక సీరియల్లో గుండె ఆగి, ఒకదాంట్లో మెట్ల మీంచి జారి, ఇంకోదాంట్లో కోడలు పాలలో ఏదో కలిపిస్తే ఎరక్కుండా తాగి. పోయిన ప్రతిసారీ కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని, ఇంకో ఛానెల్లో ఇంకెవరి ఇంటికో అమ్మమ్మనై బతికొస్తాను. మా వీధి చివర కూరగాయలమ్మే అతను నన్ను చూసినప్పుడల్లా ఈ వారం ఉన్నారా పోయారా అని అడుగుతాడు. ఉన్నానయ్యా, ముందు మంచి టమాటాలు ఏరు, అంటాను.

నటిని అవుతానని నేను కలలో కూడా అనుకోలేదు. సీరియళ్ళు తీసే స్టూడియోలో బట్టలు ఇస్త్రీ చేసేదాన్ని. ఒకరోజు అమ్మమ్మ వేషం కట్టాల్సిన ఆవిడకి ఒంట్లో బాగాలేక రాలేదు. లైట్లు పెట్టేశారు, అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. అప్పటి డైరెక్టరు అటూ ఇటూ చూసి, నా నెరిసిన తల మీద చూపు నిలిపి, ఇస్త్రీ పెట్టె ఆపేసి వచ్చి ఆ మంచం మీద పడుకోమన్నాడు. పడుకుని మూలగడమే పని. నడుంనొప్పి నాకు ఎలాగూ ఉంది కాబట్టి బాగా మూలిగాను. అంతే, అప్పట్నుంచి ఆ గుమ్మంలో నేను బామ్మగారిని.

చదువు రాని మనిషివి డైలాగులు ఎలా చెప్తావని మా వీధివాళ్ళు అడుగుతుంటారు. నిజమే, అక్షరాలు కూడబలుక్కుని బస్సు బోర్డు చదవగలను, కానీ ఈలోపు బస్సు వెళ్ళిపోతుంది. మా సీరియళ్ళలో డైలాగు బట్టీపట్టే పని ఉండదు. కెమెరా కింద పీట వేసుకుని ప్రాంప్టరమ్మ కూర్చుంటుంది. కాగితంలో ఉన్నది ముక్కముక్కగా పైకి చదువుతుంది. మేం దాన్ని చెవితో అందుకుని, మొహంలో కాస్త ఏడుపో కోపమో కలిపి, నోటితో తిరిగి ఇచ్చేస్తాం. తర్వాత ఆవిడ గొంతు తీసేసి మా గొంతు ఉంచుతారు. ఇంత పెద్ద పెద్ద డైలాగులు చెప్పే హీరోయిన్లు కూడా ఇలాగే చెప్తారంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు.

నా సంగతి వేరు. ఒకసారి విన్నమాట నా బుర్రలోంచి పోదు. పదేళ్ళ కిందటి సీరియల్లో ఏ సీన్లో ఏం చెప్పానో ఇప్పుడు నిద్రలేపి అడిగినా చెప్తాను. ఈ గుణం మా అమ్మాయికి రాలేదు. అది పొద్దున పొయ్యి మీద ఏం పెట్టిందో మధ్యాహ్నానికి మర్చిపోయే రకం. దాని మీంచి ఒక్క దూకు దూకి తిన్నగా మనవరాలికి వెళ్ళింది.

మనవరాలికి స్కూల్లో హాజరు పిలవడానికి ఒక పేరు ఉండేది. ఇంట్లో మాత్రం తుమ్మెద. నడిచినా, బట్టలు మడతపెట్టినా, కిటికీ దగ్గర నిలబడినా సన్నగా ఒక రాగం లేని రాగం తీస్తూ ఉంటుంది. ఆ చప్పుడు ఇంట్లో వినబడుతోందంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఆగిందంటే మా అమ్మాయి చేతిలో పని వదిలేసి పరిగెడుతుంది. పసిదానిగా ఉన్నప్పుడు డాక్టరు ఆటిజం అన్నాడు. ఆ మాట అప్పుడు మాకు కొత్త. ఇప్పుడు మా ఇంట్లో అది కుర్చీ, బల్ల లాంటి మాట అయిపోయింది.

ఇప్పుడు తుమ్మెదకి పెళ్ళికెదిగిన వయసు. నా భుజం దాటిపోయింది. తన సొంతంగా మాట కూర్చుకుని చెప్పడం దానికి కష్టం. అందుకని నా డైలాగులు వాడుకుంటుంది. సీరియల్లో నేను చెప్పేవే, మిగతావాళ్ళవి దానికి అక్కర్లేదు. హీరో వచ్చి గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే అది సోఫా దారాలు పీక్కుంటూ కూర్చుంటుంది. నేను తెర మీదికి రాగానే వీపు నిటారవుతుంది, పెదాలు నాతోపాటు కదులుతాయి. నచ్చిన మాట ఏదైనా దొరికితే లోపల దాచుకుని, ఎప్పుడో అవసరమైనప్పుడు బయటికి తీస్తుంది.

ఎక్కడికైనా వెళ్ళి విసుగొస్తే "ఇక బయల్దేరదామా, చీకటి పడుతోంది" అంటుంది. పొద్దున పదింటికి పళ్ళ డాక్టరు దగ్గర కూడా అదే అంది, ఆయన పాపం కిటికీలోంచి ఆకాశం చూశాడు. భయమేస్తే "డాక్టరు ఏమన్నాడు?" అంటుంది. ఏదైనా కావాల్సి వస్తే "కాసిని మంచినీళ్ళు ఇస్తావా తల్లీ, గొంతు ఎండిపోతోంది" అంటుంది. కావాల్సింది నీళ్ళే అని నమ్మకం లేదు. అది దుప్పటి కావచ్చు, తలుపు వెయ్యడం కావచ్చు. ఒక సీరియల్లో నేను గయ్యాళిని. అందులోంచి తెచ్చుకున్న మాటతో, కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన అతన్ని "ఈ గడపలో కాలు పెడితే విరగ్గొడతాను" అంది. అతను ఇప్పటికీ వీధిలోంచే మీటరు రీడింగ్ చెప్పమంటాడు.

నవ్వుకునేవి ఇవి. నవ్వుకోలేనిది ఒకటుంది. ఒక సీరియల్లో కొడుకు పోయిన తల్లిని నేను. "నేనెందుకు బతికున్నాను" అని ఒక మాట. ప్రాంప్టరమ్మ అందించింది, నేను అన్నాను, ఇంటికొచ్చి టీ తాగాను. తుమ్మెద దాన్ని పట్టుకుంది. గ్లాసు జారినా అదే మాట, చెప్పు తెగినా అదే. దాని ఉద్దేశం అయ్యో అని, అంతకుమించి ఏమీ లేదు. కానీ స్కూల్లో విని టీచరమ్మ హడలిపోయి మా అమ్మాయిని పిలిపించింది. కన్నతల్లి రోజూ ఆ మాట వినాలి కదా. ఏడాది పట్టింది అది మాయడానికి. అప్పట్నుంచి ముందురోజే నా డైలాగులు చదివి వినిపించమని ప్రాంప్టరమ్మతో ఒప్పందం పెట్టుకున్నాను. ఏదైనా మరీ ముల్లులా ఉంటే రైటరు బాబుని బతిమాలి మార్పించుకునేదాన్ని.

ఈ మధ్య చేస్తున్న సీరియల్ని జనం చూడటం తగ్గిందన్నారు. తగ్గితే ఎవరికో ఒకరికి గతం మర్చిపోయే జబ్బు తెప్పిస్తారు, అది మామూలే. ఈసారి మాత్రం రైటరు బాబు కథలోకి ఒక ఆటిజం పిల్లని తెచ్చాడు. నాకు మనవరాలి వరస. ఆ వేషానికి ఒక కొత్త అమ్మాయి వచ్చింది. కళ్ళు చేరడేసి ఉంటాయి, అందుకని అందరూ కాటుకపాప అనేవారు. తెలివైన పిల్ల, పెద్దాచిన్నా తెలిసిన పిల్ల.

ఆ పిల్ల చేత ఏం చేయించారో చూడాలి మీరు. కూర్చోబెట్టి ముందుకీ వెనక్కీ ఊపారు. కళ్ళు పైకప్పు మీద పెట్టించారు. ఎవరో పెద్ద పెద్ద అంకెలు చెప్తే ఆ ఊపులోనే గుణించి జవాబు చెప్పాలి. అంకెలు ఎందుకు బాబూ అని అడిగాను. అలాంటి వాళ్ళకి లెక్కల్లో దేవుడిచ్చిన తెలివి ఉంటుందట బామ్మగారూ అన్నాడు రైటరు బాబు. మా తుమ్మెద ఇప్పటికీ ఇంటికి ఎంతమంది వచ్చినా రెండే గ్లాసులు తెస్తుంది, ఒకటి దానికి, ఒకటి వాళ్ళందరికీ. ఆ మాట అంటే నవ్వాడు. మంచివాడే, కాదనను. ఒక చేత్తో ఫోనులో సీను కొడుతూ ఇంకో చేత్తో బన్ను తింటూ మెట్ల మీద బతికే మనిషి. లైట్లు పెట్టేసరికి సీను పుట్టాలి. అతను మాత్రం ఎవరింటికెళ్ళి ఎవర్ని చూసి రాస్తాడు.

అంకెల వరకు నేనేం పట్టించుకోలేదు. అవి నా నోటి మాటలు కావు కదా.

ఒక సాయంత్రం పని అయ్యాక ప్రాంప్టరమ్మ నన్ను మేకప్ గదిలోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసింది. ఆవిడ నన్ను పిన్నిగారూ అంటుంది. కాగితం తీసి కళ్ళజోడు పెట్టుకుంది, మళ్ళీ తీసేసింది. రేపటి సీను బాగాలేదు పిన్నిగారూ అంది. చదవమన్నాను. సీనులో నేను బల్ల మీద కూర్చుని బట్టలు మడతపెడుతుంటాను, కాటుకపాప పక్కన ఉంటుంది. పక్కింటావిడ వచ్చి పాపం అంటుంది. నేను గుండెలు బాదుకుంటూ చెప్పాలి.

"ఏ జన్మలో చేసిన పాపమో ఇలా పుట్టింది. దీన్ని ఆ దేవుడు తీసుకుపోయినా బాగుండేది."

ప్రాంప్టరమ్మ ఏ రంగూ లేకుండా చదివింది, ఎప్పుడూ చదివినట్టే. ఆ మాట నా గొంతులో, నా మొహంతో, రాత్రి ఏడింటికి మా ఇంటి ముందుగదిలో వినబడుతుంది. తుమ్మెద పెదాలు కదుపుతుంది. దానికి అర్థంతో పని లేదు, గట్టిగా గుండెలోంచి వచ్చిన మాట దానికి మహా ఇష్టం.

రైటరు బాబు కోసం చూశాను, వెళ్ళిపోయాడు. బస్సు కోసం నిలబడి ఉంటే కాటుకపాప కారు ఆపి, ఎక్కండి బామ్మగారూ, దింపేస్తాను అంది. దారంతా నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడమనేది ఆ స్టూడియోలో ఎవరూ చూసి ఎరగరు. ఆ పిల్ల కంగారుపడి, ఒంట్లో బాగాలేదేమోనని లోపలి దాకా వచ్చి వదిలింది.

అలా తుమ్మెదని చూసింది. తుమ్మెద తన మామూలు చోట కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతూ రాగం తీస్తోంది. ఊగడం లేదు, కప్పు వైపు చూడడం లేదు. కాటుకపాపకి ఎక్కడ చూడాలో తెలియలేదు. తుమ్మెద ఓరగా ఆ పిల్ల చెవి జూకాలు చూసి, "కాసిని మంచినీళ్ళు ఇస్తావా తల్లీ, గొంతు ఎండిపోతోంది" అంది. ఆ పిల్ల వంటింట్లోకి పరిగెత్తి నీళ్ళు తెచ్చింది. తుమ్మెద గ్లాసు పక్కన పెట్టి మళ్ళీ అదే అడిగింది. ఈసారి పెద్ద గ్లాసుతో తెచ్చింది. మా అమ్మాయి అప్పుడే పనినుంచి వచ్చింది. స్కూలు బట్టలు కుట్టే చోట కటింగు చేస్తుంది, ఒంటి నిండా దారప్పోగులతో వస్తుంది. వస్తూనే ఫ్యాను తగ్గించింది. టకటకమంటోంది అది. తుమ్మెద తన రాగంలోకి వెళ్ళిపోయింది. కాటుకపాప రెండు గ్లాసుల మధ్య నిలబడి నవ్వింది. ఎవరూ తాగకపోతే నేను తాగుతానండీ అని, తాగేసింది కూడా.

ఏడయింది. సీరియల్ పాట వచ్చింది. ఆరోజు నాకు ఉన్నవి రెండు ముక్కలే, పాలు పొంగిపోతున్నాయి చూడవే అని ఏదో. నేను తెర మీదా ఉన్నాను, సోఫాలోనూ ఉన్నాను. తుమ్మెద నన్ను చూడదు, తెరలో ఉన్న నన్నే చూస్తుంది. నిటారుగా కూర్చుని, మాట మాటకీ పెదాలు కలిపింది. కాటుకపాప టీవీ చూడ్డం మానేసి ఆ పెదాలే చూసింది. కాసేపటికి నా వైపు తిరిగింది. ఆ పిల్ల రేపటి సీను కాగితం చదివి ఉంది.

"బామ్మగారూ, మీరు ఏదంటే అది ఉంచుకుంటుందా?"

"ఉంచుకుంటుంది."

"రేపటిది కూడానా?"

రేపటిది ఏమిటని మా అమ్మాయి అడిగింది. దాచాలనే అనుకున్నాను. కానీ నా మొహంలో అబద్ధం నిలవదు, కెమెరా ముందు తప్ప. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా అమ్మాయి అరవలేదు, ఏడవలేదు. చీర మీది దారాలు ఒక్కొక్కటే ఏరి అరచేతిలో ఉండ చేస్తూ అంది.

"అది నేర్చుకుంటే నాతోనే అంటుందమ్మా. పాలు పోస్తుంటే అంటుంది, తల దువ్వుతుంటే అంటుంది. దానికి ఏమీ తెలియదు, నవ్వుతూ అంటుంది. ఇన్నేళ్ళలో నా మనసులోకి ఒక్కసారి రానివ్వని మాట, దాని నోటితో నేను వినాలా?"

అది వేసే రోజు టీవీ పెట్టకుండా ఉంటే సరిపోదా అని కాటుకపాప మెల్లిగా అడిగింది. ఒకసారి కరెంటు పోయి సీరియల్ రాకపోతే ఏమైందో ఆ పిల్లకి చెప్పాను. తుమ్మెద తల గోడకి కొట్టుకుంది. అదీకాక మర్నాడు పొద్దున అదే మళ్ళీ వేస్తారు, మధ్యమధ్యలో ముక్కలు చూపిస్తారు, పక్కింటి కిటికీలోంచి వినబడుతుంది. నేను మానేస్తే నా బదులు ఇంకెవరినో పెట్టి అదే మాట చెప్పిస్తారు, దాంతో పాటు తుమ్మెదకి నేనూ పోతాను. ఇంకో సీరియల్లో అలా నా మొహం మారిపోతే అది లేచి వెళ్ళి టీవీ వెనకాల వెతికింది.

మర్నాడు ముందుగానే వెళ్ళి మెట్ల మీద రైటరు బాబుని పట్టుకున్నాను. ఫోనులోంచి తల ఎత్తాడు. అంతా విన్నాడు. అయ్యో అన్నాడు, నిజంగానే అన్నాడు. కానీ ఛానెల్ వాళ్ళు ఓకే చేసిన సీను, ఆ ఏడుపు మీదే ఈ వారమంతా నిలబడి ఉంది, వచ్చేవారం మీరు కౌగిలించుకోగానే పిల్లకి బాగైపోతుంది కదా బామ్మగారూ, చివరికి మంచే చూపిస్తున్నాం అన్నాడు. కౌగిలించుకుంటే బాగైపోవడం విని నాకు నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. తుమ్మెదని కౌగిలించుకుంటే మోచేత్తో పొడుస్తుంది. దానికి ఇష్టమైనప్పుడు తనే వచ్చి నా వీపుకి వీపు ఆనించి కూర్చుంటుంది. మాకు అదే కౌగిలి. డైరెక్టరు గారితో మాట్లాడండి అని అతను మళ్ళీ ఫోనులోకి వెళ్ళిపోయాడు. డైరెక్టరు సారు అప్పటికే లైట్ల దగ్గర ఎవరినో కేకలేస్తున్నాడు. కాటుకపాప వెళ్ళి ఏదో చెప్పబోయింది. సీను అయ్యాక మాట్లాడదామమ్మా అని పంపేశాడు. సీను అయ్యాక ఇంక మాట్లాడేదేముంది.

బల్ల వేశారు. దాని మీద దుప్పట్లు, తువ్వాళ్ళు గుట్టగా పోశారు. పక్కింటావిడ వేషం నా పాత స్నేహితురాలిది. గొంతు మూడు వీధులకి వినబడుతుందని ఆవిడని అందరూ మైకు అంటారు, నేను మైకు వదినా అంటాను. ప్రాంప్టరమ్మ కెమెరా కింద పీట మీద కూర్చుంది. నా వైపు చూడలేదు.

మైకు వదిన వచ్చి, అయ్యో పాపం అని తన ముక్క తను అంది. ప్రాంప్టరమ్మ నా మొదటి ముక్క అందించింది. నేను దుప్పటి చేత్తో పట్టుకుని కూర్చున్నాను. వినబడలేదేమోనని ఆవిడ మళ్ళీ అందించింది. మూడోసారి సగం చదివి ఆపేసింది. ఏ డైలాగు చదివినా చలించని మనిషి. డైరెక్టరు సారు కట్ అన్నాడు.

"ఏమైంది బామ్మగారూ, వినిపించడం లేదా?"

"వినిపించింది బాబూ. ఆ మాట నేను అనను."

అక్కడ నటీనటులు మాట మార్చమనడం ఉంది, ఏడవను అనడం ఉంది, చీర బాగాలేదనడం రోజూ ఉంది. ఇస్త్రీ పెట్టె దగ్గర్నుంచి వచ్చిన ముసలిది అనను అనడం ఆ ఫ్లోరు మీద ఎవరూ వినలేదు. పైన లైటు పట్టుకున్న అతను కూడా కిందికి వంగి చూశాడు. కోపంతో అనలేదు నేను. ఇంట్లో ఉన్నది చెప్పాను. నా మాటలే మా పిల్ల మాటలని, ఇది నేర్చుకుంటే తీసెయ్యడం నా వల్ల కాదని. నన్ను తీసేసి ఇంకొకరిని పెట్టుకున్నా తప్పు పట్టనని కూడా చెప్పాను. అలా అనేటప్పుడు మాత్రం టీవీ వెనకాల వెతికే పిల్ల కళ్ళ ముందు మెదిలింది.

డైరెక్టరు సారు నుదురు రుద్దుకున్నాడు. తను కూడా రోజూ ఎవరో ఒకరి చేత తిట్లు తినే మనిషే. రైటరు బాబుని పిలిచి, ఈ డైలాగు ఎవరో ఒకరు చెప్పాలి కదయ్యా అన్నాడు. ఆ మాట పూర్తికాకుండానే మైకు వదిన ముందుకొచ్చింది.

"నాకివ్వండి బాబూ. ఎన్నేళ్ళయిందో నాకు రెండు వాక్యాలు ఒక్కచోట పడి. మా ఇంట్లో నా మాట వినేవాడే లేడు, నేర్చుకునేవాడు ఎక్కడ?"

అందరూ నవ్వారు. రైటరు బాబు అక్కడికక్కడే, దీన్ని ఆ దేవుడు తీసుకుపోయినా బాగుండేది కదండీ, మీకు కష్టం తప్పేది, అని పక్కింటావిడకి అంటగట్టాడు. పక్కింటివాళ్ళు అనేమాటే అది, నిజం చెప్పాలంటే. మా అమ్మాయి ఆ మాట బస్సులో విని ఉంది, ఆసుపత్రి వరసలో విని ఉంది.

మరి నేనేం చెయ్యాలి అని అడిగాను. ఏడవండి చాలు అన్నాడు సారు. ఏడిస్తే తుమ్మెద చెవులు మూసుకుంటుంది, అదీ వద్దన్నాను. అయితే మీ ఇష్టం బామ్మగారూ, ఏదో ఒకటి చెయ్యండి, వెనకాల ఇంకా నాలుగు సీన్లు ఉన్నాయి అని దండం పెట్టాడు.

మళ్ళీ మొదలుపెట్టారు. మైకు వదిన గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట అంది. తన సర్వశక్తులూ పెట్టి అంది. ప్రాంప్టరమ్మ కాగితం ఒళ్ళో పెట్టుకుని చేతులు కట్టుకుంది. నాకు అందించడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి నా చెవిలో ఏ మాటా లేకుండా కెమెరా ముందు కూర్చున్నాను. కాటుకపాప బల్ల పక్కన నిలబడి ఉంది. ఊగలేదు. కప్పు వైపు చూడలేదు. సన్నగా, ముక్కుతో, నిన్న మా ఇంట్లో విన్న ఆ రాగం అందుకుంది. నేను మైకు వదిన వైపు చూడలేదు. బల్ల మీద కొంచెం పక్కకి జరిగాను. దుప్పటి ఒక చివర ఆ పిల్లకి అందేలా చాపాను. ఆ పిల్ల కూర్చుని చివర పట్టుకుంది. ఇద్దరం మడతపెట్టాం.

సారు కట్ అని, ఇందులో ఏముంది, మ్యూజిక్ గట్టిగా వేసుకోవాలి అని గొణిగాడు. అయినా మళ్ళీ తియ్యలేదు. వెనకాల నాలుగు సీన్లు ఉన్నాయి కదా. కౌగిలింతతో బాగైపోవడం సంగతి కాటుకపాపే తేల్చింది. నాకు బాగైపోతే నా పాత్ర అయిపోతుంది కదా సార్ అని అమాయకంగా అడిగిందట. ఆ మాట మీద రైటరు బాబు మెట్ల మీద చాలాసేపు ఆలోచించి ఆ కౌగిలింత కొట్టేశాడు.

ఆ సీను వేసే సాయంత్రం మా అమ్మాయి పని త్వరగా ముగించుకుని వచ్చి రిమోట్ పట్టుకుని నిలబడింది. అవసరమైతే టీవీ గొంతు నొక్కేస్తానంది. వద్దులే, అది నా మాట కాదు అన్నాను. అన్నానే గాని నేనూ సోఫా అంచునే కూర్చున్నాను. మైకు వదిన గుమ్మంలోకి వచ్చింది. మా అమ్మాయి మొహం నేను చూడలేకపోయాను. ఆ మాట వచ్చింది, పోయింది. తుమ్మెద సోఫా దారం ఒకటి పీకి వెలుతురుకి పెట్టి చూసుకుంటోంది.

అప్పుడు తెర మీదికి నా మొహం దగ్గరగా వచ్చింది. తుమ్మెద వీపు నిటారైంది. పెదాలు విప్పి ఉంచింది. నేనేం అనలేదు. అది ఎదురుచూసింది. తెరలో నేను జరిగాను, దుప్పటి చాపాను, మడతపెట్టాను, సీను మారిపోయింది. తుమ్మెద పెదాలు అలాగే తెరుచుకుని ఉన్నాయి. రాగం ఆగిపోయింది. తెర నుంచి తిరిగి సోఫాలో ఉన్న నా వైపు చూసింది. సూటిగా, ఏదో బాకీ ఉన్నదాన్ని చూసినట్టు చూసింది. మా అమ్మాయి రిమోట్ కింద పెట్టి దాని తల వెనకాల చెయ్యి అడ్డం పెట్టడానికి సిద్ధమైంది. ఏమీ కాలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. పడుకునేదాకా మాట లేదు.

మర్నాడు పొద్దున మళ్ళీ వేసినప్పుడు మళ్ళీ చూసింది. ఆ తర్వాత రెండు మూడు రోజులు దాని నోటి నుంచి కొత్త మాటేదీ రాలేదు. చెడ్డది రాలేదు, అదే పదివేలు అనుకున్నాం.

ఆ వారం చివర్లో మా అమ్మాయి పని నుంచి ఆలస్యంగా వచ్చింది. స్కూళ్ళు తెరిచే రోజులు, నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయాయి. ఎవరో ఏదో అన్నారు కాబోలు, మొహం కందిపోయి ఉంది. చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిలబడింది. రా, కూర్చో అని నేను అనబోతున్నాను.

తుమ్మెద తల్లి వైపు చూడలేదు. చేతిలో మడతపెడుతున్న దుప్పటి ఆపింది. సోఫాలో కొంచెం జరిగింది, ఒక మనిషి పట్టేంత. దుప్పటి చివర ఒకటి గాల్లోకి చాపి పట్టుకుంది. చాపి, అలాగే ఉంచింది. దాని పెదాలు మూసుకుని ఉన్నాయి.

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను కళ్ళతోనే వెళ్ళమన్నాను. వెళ్ళి కూర్చుని చివర పట్టుకుంది. దారప్పోగులు దుప్పటి నిండా రాలుతున్నాయి. ఇద్దరూ మడత మీద మడత వేశారు. మధ్యలో తుమ్మెద రాగం మొదలైంది.

నిజానికి ఆ దుప్పటి మాసినది, ఉతకడానికి నేనే తీసి అక్కడ పడేశాను. ఆ మాట ఎత్తకుండా వెళ్ళి ఇంకోటి కూడా తెచ్చి వాళ్ళ పక్కన పెట్టాను.